మూడు రింగుల తర్వాత

పోయిన వారం మనం నెస్టాను కొత్త ఫోన్ ముందు నిలబెట్టి, మన మానాన మనం వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు. నాంట్ గ్వెన్ లోయలో ఇంటింటికీ రాగితీగల ఫోన్లు తీసేసి, బ్రాడ్‌బ్యాండ్ పెట్టెకు తగిలించే డిజిటల్ ఫోన్లు ఇస్తున్నారు. చలికాలమంతా నెస్టా ససేమిరా అంది. కంపెనీవాళ్ళు ఫోన్ చేసినప్పుడల్లా ముందు మర్యాదగా, తర్వాత అమర్యాదగా పొమ్మంది. పాత లైను ఎలాగూ ఆపేస్తున్నామని వాళ్ళు తేల్చి చెప్పాక దిగొచ్చింది. ఇవాళ పొద్దున ఒకమ్మాయి వచ్చి, హాల్లో అమ్మ నాటి డయల్ ఫోన్ విప్పేసి, దాని చోట తీగ లేని చిన్న ఫోన్ పెట్టి, రెండు కప్పుల టీ తాగి వెళ్ళింది. కరెంటు పోతే ఈ ఫోన్ పనిచేస్తుందా అని లోయలో అందరికీ బెంగ. నెస్టా బెంగ అది కాదు. రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చే మూడు రింగులు ఈ కొత్త ఫోన్లోకి వస్తాయా రావా అని.

ఆ మూడు రింగుల సంగతి ఇదివరకే చెప్పాను గానీ, ఇంకోసారి చెప్పినా విసుగు రాదు. వాళ్ళమ్మ కాలంలో ఫోన్ మాట్లాడటమంటే దండగ ఖర్చు. అందుకని ఇంట్లోంచి ఎవరు కొండ దాటి వెళ్ళినా, చేరగానే మూడుసార్లు మోగించి పెట్టేయాలి. ఇవతలివాళ్ళు ఎత్తకూడదు. మూడు మోగి ఆగిందంటే మనిషి క్షేమంగా చేరినట్టు. నాలుగోది మోగిందంటే మాట్లాడాల్సిన పని ఉందని, ఎత్తమని. ఆ పద్ధతి ఆ ఇంటినుంచి లోయంతా పాకింది.

ఆ అమ్మను మట్టి చేసిన రోజున ఊరి ప్రార్థన మందిరం, చాపెల్ పక్కగదిలో అందరూ టీ తాగుతుంటే, పెద్దకూతురు ఓల్వెన్ కప్పు కింద పెట్టి, "నేను చెప్పినట్టు ముసలివాళ్ళ హోమ్‌లో పెట్టుంటే అమ్మ మెట్లమీంచి పడేదే కాదు" అంది. చిన్నకూతురు నెస్టా ఊరుకునే రకం కాదు. "అమ్మ పక్కన ఒక్క రాత్రి పడుకున్న మొహం కాదు నీది" అంది. అక్కాచెల్లెళ్ళ మధ్య మాటలు అక్కడితో సరి. కానీ అదే సాయంత్రం ఆరింటికి నెస్టా ఇంట్లో ఫోన్ మూడుసార్లు మోగి ఆగింది. అక్క సముద్రం ఒడ్డున తన ఇంటికి చేరిందన్నమాట. కోపం కోపమే, చేరడం చేరడమే. మర్నాడూ మోగింది. ఆ మర్నాడూ మోగింది. ఏళ్ళు గడిచాయి. ఇద్దరి జుట్టూ తెల్లబడింది. ఆ మూడు రింగులు విన్నాకే నెస్టా పొయ్యిమీంచి గిన్నె దించుకునేది.

ఇవాళ కూడా ఆరింటికి ఫోన్ మోగింది. కొత్త గొంతు, సన్నగా పిల్లల బొమ్మ కూసినట్టుంది. అయినా నెస్టాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడే ఆ ఫోన్ మీద చిన్న అద్దం వెలిగి, అందులో నంబరు కనబడింది.

అది అక్క నంబరు కాదు. సముద్రం వైపు నంబరే కాదు. ఈ లోయ నంబరు. నెస్టా దాన్ని చూడగానే పోల్చుకుంది, ఎందుకంటే గొర్రెలు తోటలో పడి క్యాబేజీ మేసినప్పుడల్లా తిట్టడానికి ఆవిడ తిప్పేది ఆ నంబరే. మూడోసారి మోగి, ఫోన్ ఆగిపోయింది.

అదీ పోయిన వారం మనం వదిలేసిన చోటు.

 నెస్టా బల్లమీంచి ఫోన్ లాక్కుని, ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులతోనే తలుపు తీసుకుని బయటపడింది. జూన్ నెల కాబట్టి ఆరైనా మిట్టమధ్యాహ్నంలా వెలుగుంది. కొండవాలున ఉన్ని కత్తిరింపులైన గొర్రెలు బోడిగా, సిగ్గుపడుతున్నట్టు మేస్తున్నాయి. ఆవిడ వాటివంక చూడలేదు. కింది పొలం గేటు తోసింది. ఎప్పుడూ ఆ గేటు వేయలేదని ఆ గొర్రెల ఆసామి, పొరుగింటి ఎమ్రిస్‌ని సతాయించే మనిషి, ఇవాళ తనే బార్లా తెరిచి వదిలేసింది.

ఎమ్రిస్ వంటింట్లో ఉన్నాడు. భార్య పోయి చాలాకాలమైన మనిషి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. మాట్లాడినా వాన గురించో గొర్రెల గురించో. కిటికీ గట్టుమీద అతని పాత డయల్ ఫోన్ ఉంది. అతని ఇంటి వంతు ఇంకా రాలేదు. తలుపు దగ్గర నెస్టాను చూసి, టీ కెటిల్ పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు.

"ఏమయ్యా ఎమ్రిస్, ఇదేంటి?" నెస్టా చేతిలోని ఫోన్ అతని ముక్కు కిందికి చాపింది.

అతను ఫోన్ వంక చూశాడు. అందులో ఏమీ లేదు. ఇంటికి దూరం తెచ్చేసరికి అది పెట్టెతో సంబంధం తెగి, ఊరికే మిణుకు మిణుకుమంటోంది.

"ఫోనమ్మా" అన్నాడు అతను జాగ్రత్తగా.

"ఫోనని నాకూ తెలుసు! ఇందాక దీంట్లో నీ నంబరు కనబడింది. ఇక్కడ కనబడ్డం లేదు, నీ అదృష్టం. నాకెందుకు చేశావు?"

"గొర్రెలు… మీ తోటవైపు వస్తున్నాయని…"

"మూడుసార్లు మోగించి పెట్టేస్తే గొర్రెలు వస్తున్నాయని నాకెలా తెలుస్తుంది? అవేమైనా వచ్చి చెబుతాయా?"

ఎమ్రిస్ కెటిల్ పొయ్యిమీద పెట్టాడు. పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. ఆ ఒక్క అబద్ధం ఇన్నేళ్ళు నడిపించాడంటే, నోటితో చెప్పాల్సిన పని లేకపోబట్టే.

"కూర్చో నెస్టా" అన్నాడు.

"కూర్చోను. చెప్పు. ఇవాళొక్కరోజేనా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ."

నెస్టా కూర్చుంది. కూర్చోనన్న సంగతి ఆవిడకు గుర్తులేదు. కుర్చీమీద ఉన్న కుక్క దిగి, ఆవిడ కాళ్ళ దగ్గర పడుకుంది. ఎమ్రిస్ నిలబడే చెప్పాడు, మధ్యమధ్యలో ఆగుతూ, మాటలు వెతుక్కుంటూ.

"మీ అమ్మని మట్టి చేసినరోజు ఓల్వెన్‌ని ఇంటిదగ్గర దింపింది నేనే కదా. కొండ దాటేదాకా నోరిప్పలేదు తను. ఏడుస్తోందేమో, నేను చూళ్ళేదు. కారు దిగుతూ అంది, 'నేను చేరానని దానికి చెప్పు. నా చేత్తో నేను చెయ్యను' అని. సరేనన్నాను. ఇంటికొచ్చాను. నీకు ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలి? ఆరోజు నీతో ఏం మాట్లాడాలో నాకేం తెలుసు? అందుకని మీ అమ్మ నేర్పిన పనే చేశా. మూడు రింగులిచ్చి పెట్టేశా. మర్నాడు కనబడితే సంగతి చెబుదామనుకున్నా."

"చెప్పావా మరి?"

"మర్నాడు నువ్వు కొట్టుకి వచ్చావు. పాలకోసం. నేను బ్రెడ్డు దగ్గరున్నా. నువ్వు నన్ను చూళ్ళేదు. గల్లా దగ్గరావిడతో అన్నావు, 'మా అక్క రింగులిచ్చింది. కోపంగా ఉంది గానీ ఇచ్చింది' అని. నెలరోజులై నీ మొహంలో నవ్వు లేదు. మీ అమ్మ పడినకాణ్నించీ లేదు. ఆరోజు నవ్వావు." అతను ముక్కు తుడుచుకున్నాడు. "ఆ సాయంత్రం ఆరయ్యింది. ఇవాళ మోగకపోతే ఎట్లా ఉంటావో అనుకున్నా. ఇంకొక్కరోజు చేద్దాం అనుకున్నా. ఆ తర్వాత ఆపడం చేతకాలేదు నెస్టా. ఏరోజు ఆపినా, మీ అక్క ఆపేసినట్టే కదా."

నెస్టాకు ముందు కోపమే వచ్చింది. అది చాలా పెద్ద కోపం, ఆవిడ చిన్న ఒంట్లో పట్టలేదు.

"నీకు బుద్ధుందా? ఇన్నేళ్ళూ నేను మా అక్కకి ఒక్కసారి ఫోన్ చెయ్యలేదు, తెలుసా? ఎందుకు చెయ్యలేదు? అది రోజూ చేస్తోంది కదా, ఇంకేం కావాలి, మాటలు అవే వస్తాయి ఎప్పటికో అప్పటికని! నేనిక్కడ నీ రింగులు వింటూ కూర్చున్నా, అదక్కడ ఏమీ లేని ఫోన్ చూస్తూ కూర్చుంది. చెల్లెలు తన్ని వదిలేసిందనుకుంటూ కూర్చుంది! నువ్వు నాకు మేలు చెయ్యలేదయ్యా. మా ఇద్దరి మధ్యా నిలబడ్డావు!"

"అవును" అన్నాడు ఎమ్రిస్.

"అవునట! ఎంత చల్లగా అంటున్నాడో!"

"మరేమనమంటావు? నిజమే కదా. కానీ…" అతను ఆగి, ధైర్యం తెచ్చుకుని అనేశాడు. "ఆఖరున ఎవరు చేశారో చెప్పే నంబరొకటుంది కదా నెస్టా. నాలుగంకెలు. లోయలో పిల్లలకి కూడా తెలుసు. ఏరోజైనా తిప్పుంటే ఆరోజే దొరికిపోయేవాణ్ణి. రోజూ భయపడుతూనే ఉన్నా. నువ్వెందుకు తిప్పలేదు?"

 సొంత అక్కను ఎవరైనా తనిఖీ చేస్తారా అందామనుకుంది నెస్టా. అది సగమే నిజం. మిగతా సగం ఆవిడకిప్పుడే తెలిసింది. ఆ నంబరు తిప్పితే అక్క కాదని వినాల్సి వస్తుందేమోనన్న భయం ఆవిడ మనసులో ఎక్కడో ఉంది. అందుకే ఎప్పుడూ అటు చేయి పోలేదు. అది తెలియగానే కోపం ఎటు పోయిందో పోయింది. దాని చోట ఉత్త దిగులు మిగిలింది.

"టీ ఇవ్వు" అంది.

అతను టీ పోశాడు. చక్కెర రెండు చెంచాలు వేశాడు, అడక్కుండానే. ఎండుద్రాక్షల రొట్టె కోసి వెన్న రాశాడు. అది నెస్టా చేసి పంపిన రొట్టే. పొద్దున తను పంపిన రొట్టెను సాయంత్రం తనకే పెడుతున్నాడని గమనించి కూడా ఆవిడ ఏమీ అనలేదు. అంటే ఎంత దిగులుగా ఉందో చూడండి.

"ఒక్కటి మాత్రం నన్ను ఇప్పటికీ తింటూనే ఉంది" అన్నాడు ఎమ్రిస్, తన కప్పు ముట్టుకోకుండా. "ఫిబ్రవరిలో నాకు నిమ్ము చేసి ఆస్పత్రిలో పడ్డాను కదా. అక్కడ పడుకుని నేను దగ్గుకి భయపడలేదు. ఆరైతే చాలు, పైన నీ ఇంట్లో ఫోన్ మోగదు, నువ్వు గిన్నె ముందు పెట్టుకుని కూర్చునుంటావు అనుకునేవాణ్ణి. ఆ రోజులు ఎట్లా గడిపావు నెస్టా? నిన్ను అడుగుదామంటే ఏ మొహంతో అడగను?"

నెస్టా కప్పు సగంలో ఆగింది.

"ఏ రోజులు?"

"నేను లేని రోజులు. ఫోన్ మోగని రోజులు."

"మోగకపోవడమేంటి? మోగింది."

"ఫిబ్రవరిలో?"

"నీ కుక్కకి తిండి పెట్టింది నేనే కదయ్యా. ఐదున్నరకి ఇక్కడికొచ్చి దీనికింత పెట్టి, ఆరయ్యేలోపు పరుగెత్తుకుంటూ ఇంటికి పోయేదాన్ని. కంపెనీవాళ్ళు అడ్డంపడ్డ ఒక్క సాయంత్రం తప్ప, ఏ రోజూ తప్పలేదు. మూడు రింగులు. రోజూ."

ఎమ్రిస్ ఇప్పుడు కూర్చున్నాడు. అతని మొహం ముందు తెల్లబడి, తర్వాత మెల్లగా ఎర్రబడింది.

"అయితే చేసిందన్నమాట" అన్నాడు.

"ఎవరు?"

"మీ అక్క. ఆస్పత్రిలో ముసలివాళ్ళకి టీబండి తోస్తుందామె, వారానికి నాలుగు రోజులు, ఊరికే, సేవకి. నేను చేరిన మధ్యాహ్నమే నా మంచం దగ్గరికొచ్చి గుర్తుపట్టింది. నాకప్పుడు జ్వరం, నోటికి అడ్డూ ఆపూ లేదు, ఉన్నదంతా చెప్పేశా. రోజూ నేనేం చేస్తున్నానో, నువ్వేమనుకుంటున్నావో. 'నేను బయటపడేదాకా నువ్వు చెయ్యి ఓల్వెన్, మూడు రింగులే, మాట్లాడక్కర్లా' అని బతిమాలుకున్నా. అవుననలా, కాదనలా. టీ అక్కడ పెట్టి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. తర్వాత వచ్చినప్పుడల్లా టీ ఇచ్చేది, ఆ ఊసెత్తేది కాదు. చెయ్యలేదనే అనుకున్నా ఇన్నాళ్ళూ." అతను చేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఆఖర్రోజున మాత్రం అడిగింది, 'రేపు ఇంటికేనా?' అని. అవునన్నా. నా ఫోన్ నంబరు అడిగి రాసుకుంది. ఎందుకో చెప్పలా."

నెస్టా వినడం లేదు. ఆవిడ మనసు ఫిబ్రవరిలో ఉంది. అక్క చేసింది! ఎన్నో ఏళ్ళ రింగుల్లో ఆ కొద్ది రోజులవైనా అక్కవే. ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి. అక్క ఇంటికి పోయి, కోటు విప్పి, తన నంబరు గుర్తుచేసుకుని, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుని ఉంటుంది. అమ్మ చెప్పినట్టే.

అంతలో ఆవిడకు ఇంకోటి గుర్తొచ్చింది.

"నిన్ను పంపించింది మంగళవారం కదూ?" అంది.

"అవును."

"అంతకుముందు రోజు సోమవారం."

"అవును. ఏం?"

నెస్టా కళ్ళు మూసుకుంది. ఆ సోమవారం ఆవిడకు బాగా గుర్తు, ఎందుకంటే దాని గురించి తర్వాత కొట్లో, చాపెల్లో, బస్సులో గొప్పగా చెప్పుకుంది. ఆ వారమంతా కంపెనీవాళ్ళు ఒకటే ఫోన్లు. మీ లైను మార్చాలి, మీ లైను మార్చాలి. పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం ఒకసారి. సాయంత్రం ఆవిడ మాంసం, ఉల్లికాడల్లాంటి లీక్‌కాడలు వేసి పులుసు కాస్తోంది. ఫోన్ మోగింది. ఒకటి, రెండు, మూడు. అక్క, అనుకుంది. కానీ ఆగలేదు. నాలుగు. ఐదు. వీళ్ళకి సాయంత్రం ఆరుకూడా లేదా, అక్క చేసే వేళకి అడ్డం పడతారా అని ఆవిడకు ఒళ్ళు మండింది. గరిటె పట్టుకుని హాల్లోకొచ్చి, ఫోన్ ముందు నిలబడి, "మీ డిజిటలూ వద్దు, మీ బొందా వద్దు, మోగి మోగి చావండి!" అని అరిచింది. అది మోగింది. చాలాసేపు మోగింది. ఇంక ఆగదేమో అనిపించేటంతసేపు మోగి, ఆగింది. ఆ సాయంత్రం మళ్ళీ మూడు రింగులు రాలేదు. కంపెనీవాళ్ళవల్లే అక్కకి లైను దొరకలేదని నెస్టా వాళ్ళను ఇంకో నాలుగు తిట్టింది.

"అది మా అక్క" అంది ఇప్పుడు. "మర్నాటినుంచి మళ్ళీ నువ్వే చేస్తావని తెలుసు దానికి. ఆ ఒక్క సాయంత్రమే మిగిలింది. అందుకని ఆపలేదు. మాట్లాడదామని ఆపలేదు ఎమ్రిస్! నాలుగోది మోగితే ఎత్తాలని మాకు అమ్మ నేర్పింది. దానికి తెలుసు నేను ఇంట్లోనే ఉన్నానని. ఆరింటికి నేనెక్కడికీ పోనని నువ్వు చెప్పే ఉంటావు."

"చెప్పా" అన్నాడు అతను నీరసంగా.

"మరేమనుకుని ఉంటుంది? నెస్టా ఫోన్ పక్కనే కూర్చుని ఎత్తలేదు అనుకుని ఉంటుంది. ఇంకేమనుకుంటుంది?"

ఇంక ఏడుపు ఆపుకోలేదు ఆవిడ. అమ్మ పోయినప్పుడు కూడా నలుగురి ముందూ ఏడవని మనిషి, ఎమ్రిస్ వంటింట్లో, చేతిలో వెన్నరాసిన రొట్టెముక్కతో, చిన్నపిల్లలా ఏడ్చింది. అతను లేచి పక్కకొచ్చి నిలబడ్డాడు. చేయి ఆవిడ భుజంమీద వేయాలో వద్దో తెలియక కుర్చీ వీపుమీద వేశాడు. కాసేపటికి భుజంమీదే వేశాడు. నెస్టా తీసేయలేదు.

"ఫిబ్రవరి పోయి ఎన్నాళ్ళయిందని" అన్నాడు మెల్లగా. "ఇంకా జూనే. చెయ్యి."

"ఏమని చెయ్యను? కంపెనీవాళ్ళనుకుని ఎత్తలేదనా? నమ్ముతుందా అది?"

"నిన్నెరిగినవాళ్ళెవరైనా నమ్ముతారు."

నెస్టా ముక్కు చీదుకుని, తను తెచ్చిన ఫోన్ తీసింది. అది ఇంకా మిణుకుమంటూనే ఉంది, దేనికీ పనికిరాకుండా. దాన్ని బల్లమీద పడేసి, కిటికీ దగ్గరికి పోయి, ఎమ్రిస్ డయల్ ఫోన్ ముందు నిలబడింది. ఇంటికి పోయి చేసుకోవచ్చు. కానీ దారిలో గేటు ఉంది, వాలు ఉంది, ఆలోచించుకోవడానికి బోలెడు దారి ఉంది. ఆలోచిస్తే చేయదని ఆవిడకు తెలుసు.

నంబరు చేతివేళ్ళకు గుర్తుంది. ఒక్కో అంకె తిప్పి వదులుతుంటే డయల్ గరగరమంటూ నింపాదిగా వెనక్కొస్తోంది. మధ్యలో ఒకసారి ఆగింది.  కుక్క చెవులు నిక్కబొడుచుకుని ఇద్దరినీ చూస్తోంది. ఆఖరి అంకె తిప్పింది.

అవతల మోగింది. ఒకటి. రెండు. మూడు.

పుట్టినప్పటినుంచి ఉన్న అలవాటు, మూడోది కాగానే ఆవిడ చేయి తనంతట తనే రిసీవర్ పెట్టేయబోయింది. ఎమ్రిస్ ఆ చేయి పట్టుకున్నాడు. నాలుగోది మోగింది.

అది సగంలో ఉండగానే అవతల టక్కున ఎత్తారు. ఊపిరి చప్పుడు వినిపించింది, మెట్లెక్కి వచ్చిన మనిషి ఊపిరిలా. తర్వాత గొంతు. వయసు మీదపడి బొంగురుపోయింది గానీ, పొలాల్లో ఆడుకుంటుంటే అన్నానికి రమ్మని కేకేసిన గొంతే.

"ఎమ్రిస్? ఇక్కడ ఫోన్లో నీ పేరు పడింది. ఎమ్రిస్, నెస్టాకేమైంది?"

నెస్టా రిసీవర్‌ను రెండు చేతులతో పట్టుకుంది. చెప్పాల్సిన మాటలన్నీ గొంతులో అడ్డంపడి, ఒక్కటీ బయటికి రాలేదు.

"ఎప్పుడో ఒకప్పుడు నువ్వు చేస్తావని నాకు తెలుసు. చెప్పు. పడిందా? మెట్లమీంచి పడిందా? మాట్లాడవేం ఎమ్రిస్, బతికుందా నా చెల్లెలు?"

"ఏదో ఒకటి అను" అని ఎమ్రిస్ పక్కనుంచి గుసగుసగా అన్నాడు. నెస్టా పెదాలు కదిలాయి. శబ్దం లేదు.

అవతల ఆ నిశ్శబ్దానికి ఓల్వెన్ తన అర్థం తను చెప్పుకుంది. ఏదో కుర్చీ జరిగిన చప్పుడు, మనిషి కూలబడిన చప్పుడు. ఆ తర్వాత, చెల్లెలు చెవికి ఆనించుకుని వింటుండగానే, చెల్లెలు చచ్చిపోయిందని ఓల్వెన్ వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది.